మాలపిల్ల కథ ఎవరు చెప్పారు?

సినిమాలను తిట్టి పోస్తూ విమర్శలు రాసేవాళ్ళు చాలామంది. "సరే, నువ్వొకటి తీసి చూపించు" అంటే ముందుకొచ్చేవాళ్ళు కొద్దిమంది. ఫ్రాన్సులో ట్రూఫో అనే విమర్శకుడు అలా వచ్చాడు. పేరు మోసిన దర్శకులను పత్రికల్లో చీల్చి చెండాడి, 1959లో తన మొదటి పెద్ద సినిమా తీశాడు. తెలుగులో అంతకు ఇరవయ్యేళ్ళ ముందే ఒక పత్రికా సంపాదకుడు కలం పక్కనబెట్టి కెమెరా వెనక్కి వెళ్ళాడు. ఆయన 'ప్రజామిత్ర' నడిపిన గూడవల్లి రామబ్రహ్మం.

పత్రిక చదువొచ్చినవాడికే. ఆ రోజుల్లో మన వాడల్లో అక్షరం వచ్చినవాళ్ళెందరు? సినిమా అయితే కళ్ళున్న ప్రతివాడిదీ. తెర నిండా పురాణాలూ దేవుళ్ళే ఉన్న కాలంలో, 1938లో ఆయన 'మాలపిల్ల' తీశాడు. గుడి తలుపులు, అంటరానితనం, బ్రాహ్మణ పిల్లవాడు మాల పిల్లను ప్రేమించడం - ఇదీ కథ. తాపీ ధర్మారావు మాటలు జనం మాట్లాడుకునే తెలుగులోనే రాశాడు. మరుసటి ఏడే 'రైతుబిడ్డ' వచ్చింది. అది జమీందార్ల మీద సినిమా. వాళ్ళు ఊరుకోలేదు, అడ్డం పడ్డారు. తమాషా ఏమంటే, ఈ సినిమాలకు పెట్టుబడి పెట్టినవాడు చల్లపల్లి జమీందారే! ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

రామబ్రహ్మం చేసింది చిన్న పని కాదు. కాదనేవాళ్ళం కాదు. అయినా మన ప్రశ్న మనకుంది. కథ చలంది, డబ్బు జమీందారుది, తెర మీద మాలపిల్ల కాంచనమాల. ఆమె మన వాడ పిల్ల కాదు. కథలో శాస్త్రిగారి మనసు ఎప్పుడు కరిగింది? నిప్పంటుకున్న ఇంట్లోంచి ఆయన భార్యను మనవాడు కాపాడాక. అంటే మనం ముందు వాళ్ళ ప్రాణం నిలబెట్టాలి, ఆ తర్వాతే మనుషులమని ఒప్పుకుంటారన్న మాట. హక్కుకు కూలి కట్టడం కాదా ఇది?

మరి మనవాళ్ళే తెరకెక్కితే? 'మాలపిల్ల'కు కొన్నేళ్ళ ముందే కేరళలో పి.కె. రోజీ అనే దళిత స్త్రీ 'విగతకుమారన్' సినిమాలో నాయర్ స్త్రీ వేషం కట్టింది. తెర మీదికి రాళ్ళు రువ్వారు. ఆమెను ఊరు విడిచి పారిపోయేలా తరిమారు. మాల పిల్ల వేషం ఎవరైనా కట్టొచ్చు గానీ, నాయర్ వేషం మాత్రం మన పిల్ల కట్టగూడదు!

తెర దాకా ఎందుకు, హాల్లో కూర్చోవడమే చూడండి. 1991 జులైలో చుండూరు దళిత యువకుడి కాలు సినిమా హాల్లో పొరపాటున ఒక అగ్రకులపాయనకు తగిలింది. దాని మీద రేగిన పగ ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను బలి తీసుకుంది. 'మాలపిల్ల' వచ్చి అప్పటికి యాభై మూడేళ్ళు.

2013లో మరాఠీలో 'ఫాండ్రీ' వచ్చింది. తీసినవాడు నాగరాజ్ మంజుళే, రాళ్ళు కొట్టే వడ్డెర కుటుంబంలో పుట్టినవాడు. పందులు పట్టే ఇంటి పిల్లవాడి కథ అది. ఊరంతా చుట్టూ చేరి నవ్వుతుంటే ఆ పిల్లవాడు చివరికి రాయి తీసి విసురుతాడు. ఆ రాయి నేరుగా సినిమా చూస్తున్న జనం మీదికే వస్తుంది.