ఆరేళ్ళు గడిపిన దేశం

మా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో "మావాడు ఫిలిప్పీన్స్‌లో చదువుతున్నాడండీ" అనే మాట ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచదు. ఒకనాడు బెజవాడ చదువే దూరమనుకున్న మెట్ట పల్లెల నుంచి పిల్లలు హైదరాబాదులో విమానమెక్కి, సింగపూరులోనో మరోచోటో మారి, మన గడియారానికి రెండున్నర గంటలు ముందుండే దేశానికి వైద్యవిద్య కోసం వెళ్తున్నారు. తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరే నగరాల్లో మిందనావో ద్వీపంలోని దావావో ఒకటి. ఈ వలస మంచిదా చెడ్డదా అన్న చర్చ నేను చెయ్యబోవడం లేదు. వెళ్ళినవారు ఆ దేశాన్ని చూస్తున్నారా అన్నదొక్కటే నా ప్రశ్న. చాలామంది చూడటం లేదు. చూడమని మనమూ చెప్పడం లేదు. అదేదో సరదాలకు సంబంధించిన విషయం కాదనీ, చదువులోనే ఏర్పడుతున్న లోటనీ నా అభిప్రాయం.

ముందుగా ఆ పిల్లల పక్షాన చెప్పవలసింది చెప్పాలి. వారి నెత్తిన ఉన్న భారం చిన్నది కాదు. విదేశంలో వైద్యం చదవాలన్నా 2018 నుంచి ఇక్కడ నీట్‌లో అర్హత పొందాలి. చదువు ముగించి తిరిగొస్తే 2002లో మొదలైన స్క్రీనింగు పరీక్ష కాచుకుని ఉంటుంది: 300 ప్రశ్నలు, 150 మార్కులు రావాలి. చాలా విడతల్లో రాసినవారిలో మూడో వంతు మంది కూడా గట్టెక్కలేదు. ఇది చాలదన్నట్టు, విదేశీ వైద్యకోర్సు కనీసం 54 నెలలు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో నిబంధన తెచ్చింది. ఫిలిప్పీన్స్‌లో అమెరికా పద్ధతి, ముందు బి.ఎస్. డిగ్రీ, ఆపైన నాలుగేళ్ళ ఎం.డి. నాలుగేళ్ళంటే 48 నెలలే కదా! అప్పటికే అక్కడ బి.ఎస్.లో ఉన్న పిల్లలు, ఇక్కడ పొలం తాకట్టు పెట్టిన తండ్రులు ఎంత అయోమయంలో పడ్డారో మా ఊళ్ళలో కళ్ళారా చూశాను.

అంత భారం మోసేవాడికి ఊరు చూసే తీరిక ఎక్కడిదని మీరడగవచ్చు. నాకు కొడుకు వరసయ్యే అబ్బాయి ఒకడు అక్కడ నాలుగేళ్ళు గడిపి సెలవులకు వచ్చాడు. వాళ్ళ నాన్న మొదటి ఏడాది ఫీజు కట్టింది సుబాబుల్ కర్ర అమ్మిన డబ్బుతో. నందిగామ పరిసరాల్లో వర్షాన్ని నమ్ముకున్న చేలల్లో పత్తి, మిరపల తరువాత రైతుకు ఆసరాగా నిలిచిన పంట అది. నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది, కర్ర కాగితపు మిల్లులకు పోతుంది.

"అక్కడ సుబాబుల్ కనిపిస్తుందా?" అని అడిగాను.

"ఏమో బాబాయ్, చెట్ల సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. హాస్టలు, కాలేజీ, మన తెలుగు మెస్సు, అంతే" అన్నాడు.

ఆ దేశంలో ఆ చెట్టును ఇపిల్-ఇపిల్ అంటారు. పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వారి ఓడల్లో, పశువుల మేతగా, పసిఫిక్ దాటి ఫిలిప్పీన్స్ చేరింది. ఆసియాలో అది పాకడానికి ఆ దీవులు మజిలీ అయ్యాయి. అంటే తన ఫీజు కట్టిన చెట్టు ఆ నేల మీద తనకంటే ముందే స్థిరపడి ఉంది. నాలుగేళ్ళు దాని పక్కనుంచి నడుస్తూ కూడా అతడు దాన్ని గుర్తుపట్టలేదు. ఇందులో అతణ్ణి తప్పుపట్టను. చూడకపోవడమనే అలవాటు దావావోలో మొదలైంది కాదు. పదో తరగతి అవగానే రెసిడెన్షియల్ కాలేజీ గోడల మధ్య రెండేళ్ళు, ఆపైన నీట్ కోసం మరో ఏడాది. జగ్గయ్యపేటలో పుట్టి, 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన ధనంబోడు స్తూపం ఎటు ఉందో చెప్పలేని పిల్లలు ఎంతమందో! సొంత ఊరిని చూడనివ్వని చదువు, పరాయి ఊరిని చూడటం ఎలా నేర్పుతుంది?

నిజానికి ఆ దేశం మనకు అంత పరాయిదీ కాదు. ఫిలిపినో భాషలో ఉపాధ్యాయుణ్ణి 'గురో' అంటారు, ముఖాన్ని 'ముఖా' అంటారు, వనదేవత 'దివాతా', నిరుపేద 'దుఖా'. మాట చివర మర్యాదకు 'పో' చేరుస్తారు. మన 'అండి'కి అచ్చంగా తోబుట్టువు. ముక్కూ మొహం తెలియనివారిని కూడా 'కుయా' (అన్నా), 'ఆతె' (అక్కా) అని పిలుస్తారు. కాలేజీకి వెళ్ళే పిల్లకు ఇంట్లో కట్టిచ్చే అన్నం, చేతిలో పెట్టే ఖర్చు డబ్బు రెండింటికీ 'బావోన్' అని ఒకే మాట. మన చద్దిమూటే అది. చింతపండుతో కాచే 'సినిగాంగ్' పులుసు పేరైనా వినకుండా, ప్యాకెట్ సాంబారు పొడితో ఆరేళ్ళు గడిపి వచ్చేవారిని తలచుకుంటే నాకు నిజంగా దిగులేస్తుంది.

ఇంకొక సంగతి. 1989లో లగూనా ప్రాంతంలో ఒక రాగిరేకు దొరికింది. ఫిలిప్పీన్స్‌లో దొరికిన తేదీ గల శాసనాల్లో అంతకు పాతది లేదు. దాని మీది తేదీ శక సంవత్సరం 822, అంటే క్రీ.శ. 900. మన పంచాంగపు శకమే! దాని లిపి కావి. కావి లిపికి మూలం పల్లవ లిపి. ఆ పల్లవ లిపి దక్షిణాది బ్రాహ్మి నుంచి పుట్టింది. ధనంబోడు మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనం చెక్కింది కూడా బ్రాహ్మిలోనే. ఇంతకీ ఆ రాగిరేకులో ఉన్నదేమిటంటే, ఒక కుటుంబానికి బంగారం బాకీ నుంచి విముక్తి కలిగిందన్న పత్రం. అప్పుచేసి పిల్లలను ఆ దేశం పంపుతున్న మా రైతులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక, చూస్తూ చదవడం కుదురుతుందా అన్న సందేహానికి సమాధానం ఆ దేశపు విద్యార్థే ఒకడు ఇచ్చాడు. హోసే రిజాల్ 1882 మేలో, ఇరవయ్యేళ్ళ వయసులో, తల్లిదండ్రులకు చెప్పకుండా మనీలాలో ఓడ ఎక్కాడు. అప్పటికి అతడు 1611లో స్థాపించిన సాంతో తోమాస్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థి. సింగపూరు, కొలంబో, సూయజ్ కాలువ మీదుగా స్పెయిన్ చేరి మాడ్రిడ్‌లో వైద్యం చదివాడు. తల్లికి చూపు మందగిస్తోందని కంటి వైద్యం ఎంచుకుని, పారిస్‌లోను, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లోను పేరున్న నేత్రవైద్యుల దగ్గర పని నేర్చుకున్నాడు. దారి పొడవునా దినచర్య రాశాడు, ఇంటికి ఉత్తరాలు రాశాడు, వెళ్ళిన ప్రతి దేశపు భాష నేర్చుకున్నాడు. 1887లో బెర్లిన్‌లో తొలి నవల అచ్చువేయించాడు. రెండో నవలలో మనీలా భౌతికశాస్త్ర తరగతిలో విద్యార్థి పడే అవమానాన్ని చిత్రించాడు. 1892లో పాలకులు అతణ్ణి ప్రవాసం పంపింది మిందనావో ద్వీపంలోని దపితాన్‌కే. అక్కడ నాలుగేళ్ళు రోగులకు కంటి వైద్యం చేశాడు. 1896 డిసెంబరు 30న స్పెయిన్ ప్రభుత్వం అతణ్ణి కాల్చి చంపింది. అతని జీవితం, రచనలు ప్రతి కళాశాలలోను బోధించాలని ఫిలిప్పీన్స్ 1956లో చట్టం చేసింది. అంటే మన పిల్లల పక్క బెంచీలో కూర్చునే ఫిలిపినో సహాధ్యాయి, ప్రయాణం చేసి వైద్యుడైన ఒక విద్యార్థి కథను పాఠంగా చదువుకునే వచ్చాడు. మనవాడు అతణ్ణి ఆ సంగతి అడిగి ఉంటాడా?

అందరూ రిజాల్‌లు కావాలని నేను అనడం లేదు. నేననేది అంతకంటే చిన్న విషయం. మన పిల్లలు ఆ దేశం వెళ్ళడానికి ఒక ముఖ్య కారణం అక్కడి బోధన ఇంగ్లీషులో సాగడం. 1901లో 'థామస్' అనే ఓడలో దిగిన సుమారు 500 మంది అమెరికన్ ఉపాధ్యాయులు బడుల్లో పాతుకుపోయేలా చేసిన ఇంగ్లీషు అది. కానీ తరగతి గది దాటి వార్డులోకి అడుగుపెడితే మంచం మీది రోగి ఇంగ్లీషులో మూలగడు. దావావోలో వినిపించేది బిసాయా. నొప్పిని 'సకిత్' అంటారని, అది ఎప్పుడు మొదలైందో, రాత్రి నిద్ర పట్టిందో లేదో ఎలా అడగాలో తెలియనివాడు రోగి చరిత్ర ఎలా రాసుకుంటాడు? పక్కవాడు తర్జుమా చేసిన జబ్బునే చదువుకుంటాడు. రేపు నందిగామ ఆసుపత్రిలో "కడుపులో తిప్పుతోందయ్యా" అనే ముసలమ్మ మాటను కూడా అదే తొందరతో సగం విని వదిలేస్తాడు. మనిషి మాట వినడం ఒక దేశంలో నేర్చుకుంటే ఇంకో దేశంలో పనికొస్తుంది. కాబట్టి ఊరిని, భాషను తెలుసుకోవడం చదువుకు అడ్డు అనే వాదన నాకు మింగుడుపడదు.

పైగా, కఠినమైనా ఒక మాట చెప్పుకోవాలి. స్క్రీనింగు పరీక్ష గట్టెక్కని వారే ఎక్కువ అన్నప్పుడు, వారికి ఆ ఆరేళ్ళలో మిగిలేదేమిటి? పట్టా ఒక్కటే ఆ సంవత్సరాల ఫలమైతే, అది చెల్లని రోజున ఆరేళ్ళూ చెల్లకుండా పోతాయి. ఒక భాష, నలుగురు స్నేహితులు, ఒక సముద్రతీరపు జీవితం తెలిసి ఉంటే అంత నష్టంలోనూ కొంత దక్కుతుంది. పరీక్ష నెగ్గినవారికి అది అదనపు లాభం, అంతే.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. ఫోనులో "మార్కులెన్ని, అన్నం తిన్నావా" తరువాత మూడో ప్రశ్న ఒకటి వెయ్యండి: "ఈ వారం ఎవరితో మాట్లాడావు, ఏం చూశావు?" రాయడం వచ్చిన పిల్లలైతే రాయమనండి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి పోతూ మజిలీ మజిలీలో చూసినది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు ఉత్తరాలుగా రాశాడు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. పల్లకీలో సాగిన ఆ ప్రయాణమే మనకు అంత పుస్తకాన్ని ఇచ్చింది. దావావో నుంచి, మనీలా నుంచి వందలాది తెలుగు పిల్లలు తిరిగొచ్చారు. వారి కళ్ళతో చూసిన ఫిలిప్పీన్స్ తెలుగులో నాకింతవరకు చదవడానికి దొరకలేదు. మీ ఎరికలో అలాంటి పిల్లలుంటే నాలుగు పేరాలు రాయమని అడగండి. అచ్చుతప్పులు దిద్దిపెట్టే పని నేను సంతోషంగా చేస్తాను.