ఏటి ఒడ్డున రెండు రోజులు: విశ్రాంతియా, వినోదమా?

విశ్రాంతి కోసం బయలుదేరి, అలసటతో ఇల్లు చేరే ప్రయాణాలు మన మధ్యతరగతి కుటుంబాలలో నానాటికీ అధికమవుతున్నాయి. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, శనివారం నాలుగు క్షేత్రాలు చుట్టడం, మధ్యాహ్నం కడుపు పట్టనంత భోజనం, సాయంత్రం పడవ షికారు, అర్ధరాత్రి వరకు కబుర్లు, ఆదివారం మళ్ళీ బస్సు. సోమవారం ఉదయం కార్యాలయానికి వెళ్ళేసరికి తలనొప్పి, అజీర్ణం. దీనికి విశ్రాంతి అని పేరు పెట్టడం ఎంతవరకు సమంజసం?

ఏటి ఒడ్డు నిజంగానే గొప్ప విశ్రాంతి స్థలం. నాసిక్ సమీపాన త్ర్యంబకంలో పుట్టి సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. అక్కడ 1852లో ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలతో పచ్చబడిన కోనసీమలో, కొబ్బరితోటల నడుమ, వసిష్ఠ గట్టున నేడు అనేక విడిది గృహాలున్నాయి. అరుగు మీద కూర్చుంటే ఎదుట నిండైన నీరు, అవతలి ఒడ్డున పలుచని పొగమంచు, అప్పుడప్పుడు ఒక నాటుపడవ. చూపు దూరానికి సాగుతుంది, మాట నెమ్మదిస్తుంది. ఇంతటి ప్రశాంతత చేతికందినా దానిని అనుభవించడం మనకు తెలియకపోవడమే విచారకరం.

గత కార్తీకమాసంలో మా అక్కయ్య, బావగారలతో కలిసి అటువంటి ఒక విడిదిలో రెండు రోజులున్నాను. బావగారు ఆరేళ్ళుగా రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. వాటిని ఇంట్లోనే వదిలివచ్చారని అక్కడికి చేరాక తెలిసింది. "ఈ రెండు రోజులూ ఏటి గాలే మందనుకోవయ్యా" అన్నారు నవ్వుతూ. ఆ రాత్రి మిరపకాయ బజ్జీలు, ఆవకాయ అన్నం, పన్నెండింటి వరకు పేకాట. మరునాటి ఉదయం స్నానానికి దిగుతూ రేవు మెట్ల మీదనే తల తిరిగి కూలబడ్డారు. నీటికి రెండే మెట్ల దూరం. సమీప పట్టణంలోని వైద్యుడు పరీక్షించి రక్తపోటు బాగా పెరిగిందని చెప్పి, వెంటనే మందు మొదలుపెట్టించారు. దైవకృపవల్ల గండం గడిచింది.

ఆయుర్వేదాభిమానిగా నేను చెప్పదలచినది స్పష్టమే. ప్రకృతి సేవనం మనస్సుకు హితం చేస్తుంది. కానీ నిత్యం వాడవలసిన ఔషధానికి అది ప్రత్యామ్నాయం కాదు. రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు ప్రయాణపు సంచిలో మొట్టమొదట సర్దవలసినవి మందులే. వైద్యుని అడగకుండా ఒక్కపూట కూడా మానరాదు.

ఇక శాస్త్రం మాట. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడూ శరీరానికి ఉపస్తంభాలని చరకుడు చెప్పాడు. మన విహారయాత్రలలో మొదట కూలేవి ఆ మొదటి రెండు స్తంభాలే. అణచరాని వేగాలలో నిద్రను కూడా చేర్చారు మన పూర్వులు. కనుక రాత్రి ఆవులింత రాగానే పడుకోవడమే ఏటి ఒడ్డున చేయదగిన మొదటి చికిత్స.

వాగ్భటుని ఋతుచర్య మనకు మరింత ఉపయోగకరం. శరదృతువులో, అంటే ఆశ్వయుజ కార్తీకాలలో, సాయంకాలపు వెన్నెలలో కూర్చోవడం హితమని ఆయన చెప్పాడు. అయితే మంచులో ఉండటం, కడుపు నిండా తినడం, పెరుగు, పగటినిద్ర, తూర్పుగాలి వర్జ్యమన్నాడు. అందుచేత వెన్నెలను ఒక గంటసేపు అనుభవించి, మంచు దిగకముందే లోపలికి రావాలి. శ్రావణ భాద్రపదాలలో నదీజలం, పగటినిద్ర, అధికశ్రమ విడువమన్నాడు. ఎర్రనీరు పారే ఆ రోజులలో ఏటి విహారం పెట్టుకోకపోవడమే మేలు. భోజనం చేసిన వెంటనే గాని, అజీర్ణం, పీనస, అతిసారం ఉన్నప్పుడు గాని స్నానం కూడదు. ఏ కాలమైనా ఏటినీటిని కాచి చల్లార్చనిదే తాగరాదు. వరదల కాలంలో పులస రుచి చూసినవారు ఆ పూట పాలు, పాయసం మానడం మంచిది. చేపలు, పాలు విరుద్ధాహారమని చరకుడు హెచ్చరించాడు.

చేతులతో ఈది నదిని దాటవద్దని, సందేహాస్పదమైన పడవ ఎక్కవద్దని కూడా వాగ్భటుడు దినచర్యలోనే చెప్పాడు. వైద్యగ్రంథంలో పడవ ప్రస్తావన ఎందుకని ఒకప్పుడు నాకూ అనిపించేది. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి అనేకులు మరణించినప్పుడు ఆ వాక్యం విలువ తెలిసింది. ప్రాణరక్షక కవచం లేని పడవను, పరిమితికి మించి జనాన్ని ఎక్కించే పడవను నిస్సంకోచంగా వదిలివేయండి. చెల్లించిన రుసుము పోతే పోనివ్వండి.

చివరగా ఒక మాట. ఆ రెండు రోజులలో మేమందరం ఏటిని చూశాము, మా అక్కయ్య తప్ప. ఆమె ఇంటి నుండి తెచ్చిన పొడులు, పచ్చళ్ళు విప్పి వడ్డించింది, అందరి తడిబట్టలు ఆరవేసింది, పేకాట వారికి మూడుసార్లు కాఫీ అందించింది. బావగారికి తల తిరిగిన తరువాత రాత్రంతా మేలుకొని కూర్చున్నదీ ఆమెయే. ఇంటి శ్రమను మరొక ఊరికి మోసుకుపోతే అది ఇల్లాలికి విశ్రాంతి ఎలా అవుతుంది? విడిదిలో దొరికే సాదా భోజనంతో సరిపెట్టుకుందాం. ఎవరి కంచం వారు తీద్దాం, ఎవరి బట్టలు వారు ఉతుక్కుందాం. రెండు రోజులకు ఒక్క క్షేత్రం, ఒక్క షికారు చాలు. మిగిలిన సమయమంతా ఖాళీగా ఉండనిద్దాం.

తిరుగు ప్రయాణం రోజు తెల్లవారుజామున అక్కయ్య ఒక్కతే గట్టు మీద అరగంట కూర్చుంది. ఏమి చూస్తున్నావని అడిగితే, "ఏమీ లేదురా, ఊరికే" అన్నది. ఆ రెండు రోజుల మొత్తంలో మాలో నిజంగా విశ్రాంతి పొందినది ఆ అరగంటలో ఆమె ఒక్కతేనేమో. వచ్చే ప్రయాణంలో ఆ అరగంట ఆమెకు రోజంతా దొరికేలా చూడటం మా బాధ్యత. మీ ఇంటిలో కూడా అటువంటి అక్కయ్య ఒకరు ఉండే ఉంటారు.