కొత్త బండల మీద మచ్చలు

వాకిట్లో కొత్త బండలు పరిపించి, గృహప్రవేశ ప్రార్థనకు నాలుగు రోజులుందనగా వాటి మీద తెల్లగా పొడి పొంగితే ఏ ఇల్లాలికైనా ఆందోళనే. “యాసిడ్ పోసి కడిగించండమ్మా, అద్దంలా అవుతుంది” అని సలహా చెప్పేవారు వెంటనే దొరుకుతారు. మేము మాత్రం ఆ పని చేయవద్దనే చెబుతాము.

తాండూరు, షాబాద్, బేతంచెర్ల, కడప, పేరేదైనా మన వాకిళ్ళలో పరిచే నాపరాళ్ళన్నీ సున్నపురాయి జాతివే. యాసిడ్ పోయగానే బుసబుస పొంగేది మురికి కాదు, రాయే కరుగుతోంది. పాలిష్ బండ అయితే ఆ మెరుపు మళ్ళీ కడిగితే రాదు, పాలిష్ మిషను పట్టించవలసిందే. నమ్మకం కలగకపోతే, మిగిలిపోయిన ముక్క మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి పది నిమిషాల తరువాత తుడిచి చూడండి. గ్రానైటు అంత సులువుగా లొంగదు గాని, సందుల్లోని సిమెంటును యాసిడ్ తినివేస్తుంది. మరొక మాట. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడరు ఎన్నడూ చల్లకండి. రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఆ తెల్లపొడి ఎక్కడిది? బండ కింద వేసిన సిమెంటులోనూ ఇసుకలోనూ ఉన్న ఉప్పు, సున్నం తడితో పాటు పైకి వస్తాయి. నీరు ఎండకు ఆవిరై పోతుంది, అవి మిగిలిపోతాయి. నీళ్ళు పోసి కడిగితే మళ్ళీ లోపలికి దిగి, మర్నాడు మళ్ళీ పైకి వస్తాయి. కనుక పొడిగా ఉన్నప్పుడే కొబ్బరి పీచుతో రుద్ది, ఆ పొడిని ఊడ్చి చేటకెత్తి బయట పారవేయాలి. ఒకటి రెండు వర్షాకాలాలు గడిచేసరికి చాలావరకు తగ్గిపోతుంది.

ఈ తెలుపును చూపించి మేస్త్రీ కూలి ఆపేవారున్నారు. అది న్యాయం కాదు. తడి ఉన్నంతకాలం ఎంత మంచి పనివాడి చేతి కింద వేసిన బండైనా పొంగవచ్చు. అయితే బండ మీద సిమెంటు పాలు ఒలికి గట్టిపడితే ఆ తప్పు పనివారిదే. గట్టిపడకముందే, ఆ పూటే, తడిగుడ్డతో తుడిపించాలి. ఇల్లు కట్టించేవారు సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసుకుంటే తరువాత గొడవ ఉండదు.

తుప్పు మచ్చలు మరీ మొండివి. వాటికి కారణం తరచుగా గేటు పనే. వెల్డింగు చేసి గ్రైండరు పట్టినప్పుడు ఎగిరిన ఇనుపరజను బండల మీద పడుతుంది. ఆనాడు కనబడదు. ఒక వాన పడగానే ఎర్రటి చుక్కలు తేలుతాయి. గేటు, గ్రిల్లు పని ముగిశాకే బండలు వేయించడం మేలు. ఇప్పటికే వేసి ఉంటే రేకులు కప్పించి, పని కాగానే పొడిగా ఉన్నప్పుడే ఊడిపించండి. లోతుగా దిగిన చుక్కలకు ఇంటివైద్యం లేదు, పాలిష్ చేసేవారే గతి.

నూనె ఒలికిందా? రుద్దకండి, లోపలికి దిగుతుంది. ముందు గుడ్డతో అద్ది తీసి, సుద్దపొడిని సబ్బునీళ్ళతో ముద్దగా కలిపి అర అంగుళం మందాన పట్టించండి. పైన పాలిథీన్ కప్పి ఒక రోజు ఉంచి, తరువాత తీసి ఆరనివ్వండి. ఆరుతూ ఆ ముద్ద నూనెను పీల్చుకుంటుంది. ఒకసారికి పోకపోతే రెండోసారి వేయండి. పసుపు మరకను సబ్బునీళ్ళతో కడిగి ఎండకు వదిలేస్తే నెమ్మదిగా వెలిసిపోతుంది. బాదం ఆకుల మరకా అంతే.

మచ్చ పడకుండా పైన పూసే సీలరు గురించి దుకాణాల వారు గొప్పగానే చెబుతారు. మంచిదే గాని, కింద తడి ఉండగా పూస్తే లోపలి తడి, ఉప్పు అక్కడే చిక్కుకుని బండ మబ్బుగా కనబడుతుంది. రాత్రి ఒక బండ మీద పాలిథీన్ ముక్క పరచి, అంచులకు టేపు అంటించండి. తెల్లవారి దాని అడుగున నీటి బొట్లుంటే ఇంకా కొన్ని వారాలు ఆగాలి.