"మీ జేజి ఇనుముతో చేసిన మనిషిరా" అనేవాళ్ళకు

మొన్న ఊరికి పోయినప్పుడు మా బంధువు ఒకాయన మా వేంపల్లె ఇంటి అరుగు మీద కూర్చుని, జేజి చేసిన సంగటి, ఊరిబిండి సుష్టుగా తిని, చెయ్యి కడుక్కుంటా ఒక మాట అన్నాడు. "మీ జేజి ఇనుమురా. ఆ కాలం తిండి అట్లాంటిది. ఇప్పటి పిల్లోళ్ళయితే రెండు రోజులకే చేతులెత్తేస్తారు." అందరూ తలలూపినారు. జేజి కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అక్కడ అనలేకపోయిన మాటలన్నీ ఇక్కడ కక్కేస్తున్నా. ఓపికుంటే చదవండి.

జేజి అంటే మా నాయనమ్మ (కోస్తా మిత్రుల కోసం చెప్తున్నా). వయసు డెబ్బై నాలుగు. మా అబ్బకు, అంటే తాతకు, మతిమరుపు జబ్బు మొదలై ఆరేళ్ళు దాటింది. రాత్రి రెండుకు లేచి చీనీ తోటకు నీళ్ళు కట్టాలని తలుపు తీస్తాడు. ఆ తోట అమ్మేసి పదేళ్ళయింది. జేజి లేచి, చెయ్యి పట్టుకుని, "కరెంటు పోయింది, పొద్దున పోదువులే" అని అబద్ధం చెప్పి పడుకోబెడుతుంది. గంటకు మళ్ళీ లేస్తాడు. ఇట్లా ఎన్ని రాత్రులో మీరే లెక్కేసుకోండి.

మా ఆఫీసులో ఆన్‌కాల్ అని ఒకటుంది. రాత్రిపూట సర్వర్ పడిపోతే ఫోన్ మోగుతుంది, లేచి చూడాలి. అది వారం దాటి ఎవరికీ ఇవ్వరు. రాత్రి లేచినోడు మరుసటి రోజు ఆలస్యంగా వచ్చినా ఎవరూ అడగరు. నిద్రలేనోడు కోడ్ ముట్టుకుంటే తప్పులు చేస్తాడని మేనేజర్లకు కూడా తెలుసు. అంటే ఒక వెబ్‌సైట్ కోసం ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రోడిని వారానికి మించి మేలుకోబెట్టకూడదు, మనిషి కోసం డెబ్బై నాలుగేళ్ళ ఆమెను ఆరేళ్ళు మేలుకోబెట్టొచ్చు. పైగా దానికి "ఇనుము" అని బిరుదు!

సరే, అసలు విషయానికొస్తా. ఇనుము కూడా తుప్పు పడుతుంది. ఆ తుప్పును కొలిచినోళ్ళు ఉన్నారు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్, రొనాల్డ్ గ్లేజర్ అనే దంపతులు 1996లో ఒక పని చేసినారు. మతిమరుపు జబ్బు వచ్చిన భర్తనో భార్యనో ఇంట్లో చూసుకుంటున్న పెద్దవాళ్ళను 32 మందిని, అదే వయసుండి అట్లాంటి బరువు లేనివాళ్ళను ఇంకో 32 మందిని తీసుకుని అందరికీ ఫ్లూ టీకా వేసినారు. తర్వాత రక్తంలో యాంటీబాడీలు నాలుగింతలు పెరిగినాయా లేదా అని చూసినారు. బరువు లేనివాళ్ళలో 66 శాతం మందికి పెరిగినాయి. సాకే వాళ్ళలో 38 శాతం మందికే. ఇంగ్లండులో వేధార అనే ఆమె బృందం 1999లో ఇదే పని చేస్తే అక్కడ 39 శాతం, 16 శాతం వచ్చినాయి. ఊరు వేరు, మనుషులు వేరు, ఫలితం మాత్రం అదే దిక్కుకు పోయింది.

ఎందుకిట్లా? మనిషి భయంలోనో ఆందోళనలోనో ఉంటే ఒంట్లో కార్టిసాల్ ఊరుతుంది. పాము కనపడినప్పుడు ఒక పది నిమిషాలు ఊరితే మేలే, పరుగెత్తొచ్చు. అదే ఏళ్ళ తరబడి ఊరుతుంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలు బలహీనమవుతాయి. టీకా అంటే ఆ కణాలకు ఇచ్చే శిక్షణే కదా. శిక్షణకు వచ్చినోళ్ళు నిద్ర తూగుతుంటే మాస్టారు ఎంత బాగా చెప్పినా ఏం లాభం? దానికి తోడు వయసు. వయసు మీదపడితే ఆ సైన్యం ఎట్లాగూ ముసలిదవుతుంది. అందుకే అమెరికాలో 65 దాటిన వాళ్ళ కోసం నాలుగింతల మోతాదున్న ఫ్లూ టీకాకు 2009లో అనుమతిచ్చినారు. మా జేజికి వయసూ ఉంది, నిద్రలేమీ ఉంది. అదే దంపతులు 1995లో చేసిన ఇంకో పనిలో, సాకే ఆడవాళ్ళ చేతి మీద చేసిన చిన్న గాయం మానడానికి మిగతావాళ్ళకంటే తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఇది చదివినప్పుడు పోయిన ఎండాకాలం జేజి కాలికి తగిలిన దెబ్బ గుర్తొచ్చింది. "పుండు ఇంకా మానలేదేంది" అని నేనే విసుక్కున్నా.

ఇక్కడ ఒక ఆగండి. "చూసినారా, టీకాలు పనిచెయ్యవని నీ నోటితోనే చెప్తున్నావు" అని వాట్సాప్‌లో దీన్ని ముక్క కోసి తిప్పబోయే మహానుభావులకు ఒక దండం. నేను చెప్పేది దానికి పూర్తిగా రివర్సు. టీకా తక్కువ అంటుకునే మనిషికి టీకా ఇంకా ముఖ్యం. వేళకు వెయ్యాలి, తప్పకుండా వెయ్యాలి, ఆమె చుట్టూ ఉండే మనమందరం కూడా వేయించుకోవాలి.

వేళకు వేయించుకోవడం అన్నాను కదా. ఆ కథ నాదే, చెప్పాల్సిందే. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళకు కోవిడ్ టీకా మొదలైంది. అప్పుడు వర్క్ ఫ్రం హోం పుణ్యమా అని నేను వేంపల్లెలోనే ఉన్నా. జేజి పోతానంది. "నేను పోతే మీ అబ్బను ఎవురు సూస్తారు నాయనా?" అంది. పొద్దునంతా నాకు మీటింగులు. "రేపు పోదాం జేజీ" అన్నా. ఆ రేపు మూడు వారాలైంది. చివరికి పక్కింటి అక్కను కూర్చోబెట్టి పోయింది. రెండో సూదికీ అదే కథ. మే నెలలో కోవిషీల్డ్ గడువును 12 నుంచి 16 వారాలకు పెంచినారు కాబట్టి ఆగస్టు దాకా నాకొక సాకు దొరికింది. ఆగస్టులో సాకు లేదు, కూర్చునే మనిషీ లేడు. జేజికి రెండో సూది అక్టోబరులో పడింది. ఆమెకు టీకా దొరకక కాదు, రెండు గంటలు దొరకక! అదే ఇంట్లో, పక్క గదిలో, హెడ్‌ఫోన్ పెట్టుకుని నేనున్నా.

నా తప్పు నేను ఒప్పుకున్నా. ఇప్పుడు ప్రభుత్వం సంగతి. ఆంధ్రాలో పింఛన్ల జాబితా చూడండి. వృద్ధులు, వితంతువులు, ఒంటరి మహిళలు, చేనేత, కల్లుగీత, మత్స్యకారులు, డప్పు కళాకారులు, చెప్పులు కుట్టేవాళ్ళు ఉన్నారు. 2024లో మొత్తాలు పెంచినారు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళకు 15,000 చేసినారు. మంచిదే, నేను కాదనను. కానీ ఆ మంచం పక్కన కూర్చున్న మనిషి ఏ గడిలోనూ లేదు. మా అబ్బ ఉన్నన్నాళ్ళు జేజి చేసే పనికి కాగితం మీద పేరే లేదు, అబ్బ పోతే మాత్రం "వితంతువు" అని ఒక గడి తయారుగా ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని, ఇట్లా సాకే మనిషి పేరు మీదే నెలకు 600 ఇచ్చే పథకం పెట్టినారు. ఆరు వందలు ఏ మూలకు అంటారా? ఏ మూలకూ రావు. కానీ ఆ మనిషి ఉందని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇంకోటి. మన సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకు, గర్భిణులకు. ముసలోళ్ళ ఫ్లూ టీకా కావాలంటే ప్రైవేటులో కొనుక్కోవాలి. ఒకటో తారీఖున పింఛను గడప దగ్గరికొచ్చి ఇస్తున్నారు కదా, అట్లాంటి ఇంటికి ఏడాదికొకసారి సూది ఎందుకు రాకూడదు?

"ఒత్తిడి తగ్గడానికి ధ్యానం చెయ్యమను, మంచి యాప్ ఉంది" అన్నాడు నా కొలీగ్ ఒకడు. నిజానికి ఒత్తిడి తగ్గిస్తే పనిచేస్తుంది. వేధార బృందమే 2003లో సాకే వాళ్ళకు ఎనిమిది వారాలు ఒత్తిడిని తట్టుకోవడం నేర్పించి టీకా వేస్తే, నేర్చుకున్న వాళ్ళలో సగం మందికి టీకా బాగా అంటుకుంది. నేర్పించని వాళ్ళలో 7 శాతమే. కానీ ఆ వారానికొక గంట అబ్బ దగ్గర ఎవరు కూర్చుంటారు? యాప్ కూర్చుంటుందా?

చివరికి "మన కుటుంబ వ్యవస్థ" పెద్దలు. అమెరికావాళ్ళు ముసలోళ్ళను హోముల్లో పడేస్తారు, మనం ఇంట్లో పెట్టుకుని చూసుకుంటాం అని తెగ మురిసిపోతారు. "మనం" అంటే ఎవరండీ? మా ఇంట్లో ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ఒక కూతురు, అయిదుగురు మనవళ్ళు మనవరాళ్ళు. చూసుకునేది ఒక్కతే. మా అమ్మ పండగలకు పోయి నాలుగు రోజులు చేసి వస్తుంది, మేము డబ్బులు పంపిస్తాం, ఫోన్ చేసి "జాగ్రత్త జేజీ" అంటాం. మనిషిని పెడదాం అంటే మా చిన్నాయన "బయటోళ్ళ చేత ముడ్డి కడిగిస్తే ఊర్లో ఏమనుకుంటారు" అంటాడు. ఆయన ఇంతవరకు ఒక్కసారీ కడగలేదు.

అందుకే మొన్న ఊర్నుంచి తిరిగొచ్చేముందు ఒక షీట్ చేసి కుటుంబం గ్రూపులో పెట్టినా. నెలకు వారం లెక్కన ఇంటికొకరు వేంపల్లెలో ఉండాలి, రాత్రి డ్యూటీ వాళ్ళదే. రానోళ్ళు ఆ వారానికి మనిషిని పెట్టి జీతమివ్వాలి. అత్త ఒక వారం రాసింది. నాయన ఒక వారం రాసినాడు, కింద "చూద్దాం" అని చేర్చినాడు. చిన్నాయన బొటనవేలు బొమ్మ పెట్టినాడు, పేరు రాయలేదు. మొదటి వారం నాది. ల్యాప్‌టాప్ తీసుకునే పోతున్నా గానీ, పొద్దున మీటింగులకు రానని మేనేజర్‌కు మెయిల్ పెట్టేసినా. సోమవారం కడపలో జేజికి ఫ్లూ టీకా. "మీ అబ్బను ఎవురు సూస్తారు?" అని ఈసారీ అడిగింది.

"నేనుంటా" అన్నా. "నీకు మీటింగుల్లేవా?" అంది.