చర్మ క్యాన్సర్‌కు ఎం-ఆర్ఎన్ఏ టీకా: ఆశ ఎంత, వదంతి ఎంత?

క్యాన్సర్‌కు టీకా వచ్చేసిందట అనగానే కొందరు విశ్వాసులు హల్లెలూయా అంటారు. అది ఎం-ఆర్ఎన్ఏ టీకా అని తెలిస్తే మరికొందరు ముఖం చిట్లిస్తారు. సంతోషించాలన్నా సందేహించాలన్నా ముందు అసలు సంగతి తెలియాలి.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమా. ఆపరేషన్ చేసి గడ్డను తీసేసినా చాలామందిలో అది తిరగబెడుతుంది. దాన్ని అడ్డుకోవడానికే మోడర్నా, మెర్క్ సంస్థలు కలిసి ఈ టీకాను పరీక్షిస్తున్నాయి. ఇది జబ్బు రాకుండా ముందే వేసే టీకా కాదు, జబ్బు వచ్చినవారికి చేసే చికిత్స. రోగి నుంచి తీసిన గడ్డను పరీక్షించి, దానికే ప్రత్యేకమైన జన్యు మార్పులను 34 వరకు ఎంచుకుంటారు. ఆ గుర్తులున్న కణాలపై దాడి చేయమని శరీర రక్షణ వ్యవస్థకు నేర్పే ఎం-ఆర్ఎన్ఏను తయారుచేస్తారు. ఎవరి మందు వారిదే. మూడు వారాలకొకటి చొప్పున 9 మోతాదుల వరకు ఇస్తారు. దానితోపాటు కీట్రూడా పేరుతో అమ్ముడయ్యే పెంబ్రోలిజుమాబ్ అనే మందు కూడా ఇస్తారు.

రెండో దశ పరీక్షలో 157 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో 107 మందికి రెండు మందులూ, 50 మందికి పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చారు. రెండున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి గుంపులో సుమారు 75 శాతం, రెండో గుంపులో సుమారు 56 శాతం. ఇది చిన్న సంగతి కాదు. అయితే 157 మంది అంటే చిన్న పరీక్షే. వెయ్యిమందికి పైగా రోగులతో 2023లో మొదలైన మూడో దశ పరీక్షే అసలు తీర్పు చెప్పాలి. కనుక "క్యాన్సర్ జయించబడింది" అని వేదికపై ప్రకటించడం తొందరపాటే.

ఇక భయం సంగతి. ఎం-ఆర్ఎన్ఏ మన డీఎన్ఏను మార్చేస్తుందనీ, అది మృగపు ముద్ర అనీ కోవిడ్ రోజుల్లో ప్రచారం జరిగింది. ఎం-ఆర్ఎన్ఏ డీఎన్ఏ ఉండే కణకేంద్రకంలోకి వెళ్లదు. తన సందేశం అందించి కొద్దికాలంలోనే కరిగిపోతుంది. మన దేశంలో అత్యధికులు వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్ అసలు ఎం-ఆర్ఎన్ఏ టీకాలే కావు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ మనం ఫార్వర్డ్ చేసే సందేశాలకూ వర్తిస్తుంది.

ఈ అనుమానం వాట్సాప్‌తోనే ఆగలేదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం 22 ఎం-ఆర్ఎన్ఏ టీకా ప్రాజెక్టులకు సుమారు 50 కోట్ల డాలర్ల సహాయాన్ని నిలిపివేసింది. అవి శ్వాసకోశ వైరస్‌లకు సంబంధించినవి, క్యాన్సర్‌వి కావు. అయినా వేళ్లు నరికితే కొమ్మలన్నిటికీ దెబ్బే. ఈ విజ్ఞానానికి పునాది వేసినందుకు 2023లో నోబెల్ బహుమతి అందుకున్న కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ దశాబ్దాలపాటు ఓర్పుతో శ్రమించారు.

ప్రార్థనకూ వైద్యానికీ పోటీ పెట్టనక్కరలేదు. హిజ్కియా కన్నీటి ప్రార్థన విన్న దేవుడే అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు.

సంఘం అడగవలసిన అసలు ప్రశ్న న్యాయానికి సంబంధించినది. ఒక్కొక్కరికి విడిగా తయారుచేసే మందు చౌకగా దొరకదు. పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే సామాన్య కుటుంబానికి అందనంత ఖరీదు. 2022లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు స్వదేశీ ఎం-ఆర్ఎన్ఏ టీకా సాంకేతికతను రూపొందించారు. అలాంటి పరిశోధనకు ప్రభుత్వాలు అండగా నిలిస్తేనే రేపు పేదవానికీ ఈ చికిత్స అందే మార్గం ఏర్పడుతుంది. కొత్త మందుల కోసం ప్రార్థించే మనం, ఆ మాట కూడా పాలకులను అడగాలి.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. మెలనోమా మనవారిలో అరుదు. కానీ నల్లని చర్మం గలవారిలో అది తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద పుడుతుంది. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. పెరుగుతున్న నల్లమచ్చ గానీ, మానని పుండు గానీ కనిపిస్తే పసర్లు పూస్తూ కూర్చోకుండా చర్మవైద్యునికి చూపించాలి. స్త్రీల కూడికలో, యౌవనుల కూడికలో ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.