సాక్ష్యం నుండి సృష్టికి: అద్భుత కల్పనలో క్వీర్ రచయిత స్థానం

తెలుగు సాహిత్యంలో క్వీర్ జీవితాలకు చోటు దక్కిందనడానికి సాధారణంగా చూపే ఆధారాలు కొన్నే. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి స్వీయకథను, తెనాలి సమీపంలోని కొలకలూరులో పుట్టిన పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. దానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. బండి నారాయణస్వామి ‘అర్ధనారి’ నవల హిజ్రాల జీవితాన్ని చిత్రించింది. కన్నడ రచయిత వసుధేంద్ర ‘మోహనస్వామి’ కథలు తెలుగులోకి అనువాదమయ్యాయి. ఇవన్నీ విలువైనవే. అయితే వీటిలో ఒక సమానధర్మం ఉంది. ఇవి ఆత్మకథలు, లేదా వాస్తవిక రచనలు. క్వీర్ వ్యక్తి నుండి తెలుగు సాహిత్యలోకం సాక్ష్యాన్ని కోరుతుంది, సృష్టిని కోరదు. గాయాన్ని చూపితే ఆదరిస్తుంది, లోకాన్ని నిర్మిస్తానంటే చెవినబెట్టదు. ప్రాతినిధ్యం పేరిట స్థిరపడుతున్న ఈ పరిమితిని ప్రశ్నించవలసి ఉంది.

ఫాంటసీగా వ్యవహరించే అద్భుత కల్పనలో రచయిత పాత్రలతోపాటు ఆ లోకపు నియమాలను కూడా నిర్మిస్తారు. ఎవరు ఎవరిని ప్రేమించవచ్చు, సింహాసనం ఎవరికి దక్కుతుంది, దేహం మారితే మనిషి మారినట్లేనా అన్నవి అక్కడ రచయిత తేల్చే విషయాలు. వాస్తవిక రచనలో క్వీర్ పాత్ర ముందే ఉన్న సమాజం ఎదుట నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. అద్భుత కల్పనలో అదే పాత్ర రాజు కావచ్చు, మాంత్రికుడు కావచ్చు, విదూషకుడు కావచ్చు. సంజాయిషీ అక్కరలేదు. సమస్యగా కనిపించడం ప్రాతినిధ్యంలో తొలి మెట్టు మాత్రమే. లోకధర్మంలో భాగంగా కనిపించడం దాని పరిపూర్తి.

ఇది మన సంప్రదాయం కాదన్నది మొదటి ఆక్షేపణ. పదహారవ శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ దీనికి సమాధానం. అందులో పురుషుడైన మణిస్తంభుడు స్త్రీరూపం పొంది కళాపూర్ణునికి తల్లి అవుతాడు. స్త్రీ అయిన సుముఖాసత్తి పురుషరూపంలో తండ్రి అవుతుంది. కథానాయకుని జన్మ ఈ లింగ వినిమయం మీదనే నిలిచింది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వవిచారము’ 1914లోనే ఈ కావ్యాన్ని ఆధునిక విమర్శకు కేంద్రంగా నిలిపింది. అయినా ఆ వినిమయం ఎక్కువగా కథాకల్పనలోని చమత్కారంగానే పరిగణన పొందింది. ఆ మార్పు దాంపత్యపు చట్రాన్ని దాటదన్నది నిజమే. సూరనను క్వీర్ కవిగా ప్రకటించడం దుస్సాహసమే అవుతుంది. కాని తెలుగు కల్పన లింగాన్ని కదలని స్థాణువుగా భావించలేదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అవసరం లేదు.

వేమూరు, తెనాలి, బాపట్ల ప్రాంతపు రంగస్థల చరిత్ర కూడా ఈ ఆక్షేపణను నిలవనీయదు. వేమూరులో పుట్టిన వేమూరి గగ్గయ్య యమ, కంసాది పాత్రల్లో పౌరుషాన్ని గర్జింపజేస్తే, బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా స్త్రీత్వానికి ప్రమాణమై 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఇద్దరినీ మెచ్చుకున్నది ఒకే ప్రేక్షక సమాజం. స్త్రీ పాత్రధారణను క్వీర్ అస్తిత్వంతో సమానం చేయరాదు. అయినా తెర దిగేవరకు కరతాళధ్వనులు చేసి, తెర దిగాక అదే సంచలనాన్ని పరాయిదనడం సంప్రదాయ రక్షణ కాదు, కపటం.

అద్భుత కల్పన బాలసాహిత్యం కనుక ఇంత చర్చ అనవసరమన్నది రెండవ ఆక్షేపణ. 1947లో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను స్థాపించిన చక్రపాణి తెనాలివారు. 1952 నుండి 1980 వరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలివారే. కుటుంబరావు వాస్తవిక కథలను పరిశోధనకు యోగ్యంగా ఎంచి, ఆయన దిద్దిన అద్భుత కథాప్రపంచాన్ని బాల్యస్మృతిగా విడిచిపెట్టడం విమర్శలోని వర్గీకరణ దోషం. తరాల పాఠకుల ఊహాలోకానికి హద్దులు గీసింది ఆ కథలే. రాకుమారుడు రాకుమారిని పెండ్లాడి కథ కంచికి చేరడం సహజమని పసిమనసుకు నేర్పినవీ అవే. ఇంతటి ప్రభావం గల ప్రక్రియను అల్పమనడం తర్కానికి నిలవదు.

రచనను చూడాలి గాని రచయిత ఎవరైతేనేమన్నది మూడవ ఆక్షేపణ, గట్టిది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఆయన పేరు లేకుండానే ‘చందమామ’లో వెలువడి పాఠకులను అలరించాయి. అయితే లోకమంతా తన పోలికలోనే ఉన్న రచయితకు అజ్ఞాతం వల్ల అతని జీవితానుభవం చెరిగిపోదు. లోకంలో ఆనవాలే లేనివారికి అజ్ఞాతం మరో మౌనమవుతుంది. ‘ది ప్రెగ్నెంట్ కింగ్’ నవలను 2008లో వెలువరించిన దేవదత్త పట్నాయక్ స్వలింగ ప్రేమికునిగా లోకానికి తెలిసినవారు. గర్భం దాల్చిన యువనాశ్వుని పురాణగాథను ఆయన నవలగా మలిచారు. ఎవరు చెబుతున్నారన్న ఎరుక అక్కడ పాత కథకు కొత్త ప్రశ్నలను చేరుస్తుంది. అలాగని రచయిత తన అస్తిత్వాన్ని ప్రకటించి తీరాలనడం మరో నిర్బంధం. కోరవలసింది ప్రకటన కాదు, ప్రకటించినా రచనకు గౌరవం తగ్గని వాతావరణం.

2018 సెప్టెంబరు 6న సర్వోన్నత న్యాయస్థానం వయోజనుల పరస్పర సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాన్ని నేర పరిధి నుండి తొలగించింది. న్యాయస్థానం శిక్షను తొలగించగలదు, ఊహలో చోటు కల్పించలేదు. ఆ పని సాహిత్యానిది, దానికి విలువ కట్టే తెలుగు శాఖలది. ‘కళాపూర్ణోదయం’లోని లింగ వినిమయాన్ని లింగ రాజకీయాల దృష్టితో పునఃపఠించాలి. అద్భుత కల్పనను ప్రౌఢ ప్రక్రియగా పాఠ్యప్రణాళికలో చేర్చాలి. క్వీర్ రచయిత కల్పనను మారువేషంలోని ఆత్మకథగా కాక, శిల్పంగా, దర్శనంగా విమర్శకు నిలపాలి. బాధ చెప్పుకొనే హక్కును మాత్రమే ఇచ్చి, కల గనే హక్కును నిరాకరించే ఆదరణ ఆదరణ కాదు. అది మర్యాదగా చేసిన వెలి.