కాటా సరిచూశాకే నమ్ముదాం

వేదాద్రి రేవులో నిలబడితే కృష్ణమ్మ కళ్ళనిండా కనబడుతుంది. అదే ఎన్టీఆర్ జిల్లాలో, తూర్పుకు పోతే, ఎ.కొండూరు మండలం లంబాడీ తండాల్లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే తాగారు. అక్కడే కిడ్నీలు పోయాయి. నీళ్ళొక్కటే కారణమా, ఇంకేమైనా తోడైందా అన్నది పూర్తిగా తేలలేదు.

ఈ రోగం చాలాదూరం వచ్చేదాకా నొప్పి పెట్టదు. నెత్తురులో క్రియాటినిన్ చూస్తేనే పసిగట్టగలం. దానికోసం విజయవాడ దాకా పోతే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోతాయి. రిపోర్టుకి మళ్ళీ ఇంకో తిరుగుడు. అందుకే చేతిలో పట్టే మిషన్లు మనకి కావాలి. స్టాట్‌సెన్సర్ లాంటి దానికి వేలి చివర ఒక్క చుక్క చాలు, అర నిమిషంలో అంకె చెప్తుంది.

కావాలి సరే, ఆ అంకె నిజమేనా?

పత్తి కాటా దగ్గర, మిర్చి కాటా దగ్గర మోసపోయిన వాళ్ళం మనం. క్వింటాకి రెండు కిలోలు తక్కువ చూపే కాటా కూడా బస్తా బరువు పెరిగితే పెరిగినట్టే చూపిస్తుంది. అంతమాత్రాన సరైన కాటా అయిపోదు కదా! మిషనూ అంతే. "ల్యాబుతో బాగా కలుస్తోంది" అంటే సరిపోదు. ఒకే మనిషికి, ఒకేసారి, వేలి చుక్క మిషన్లో వేసి, నరం నుంచి తీసిన నెత్తురు మంచి ల్యాబుకి పంపాలి. రెండు అంకెలకీ తేడా ఎంతో మనిషి మనిషికీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనీ, జబ్బు మొదలైనవాళ్ళనీ, ముదిరినవాళ్ళనీ అందరినీ చూడాలి.

చిన్న తేడాతో ఏం పోతుందంటారా? 50 ఏళ్ళ మగమనిషికి క్రియాటినిన్ 1.3 ఉంటే, 2021 నాటి సీకేడీ-ఎపి లెక్కలో కిడ్నీ పని సుమారు 67. అదే 1.5 అయితే 56. జబ్బు గీత 60. అంటే 0.2 తేడాకే మనిషి గీతకి ఇటో అటో పడిపోతాడు. పైగా తిండి చాలక కండ తగ్గిన కూలీ ఒంట్లో క్రియాటినిన్ మామూలుగానే తక్కువ తయారవుతుంది. కిడ్నీ చెడినా అంకె బాగానే కనిపించొచ్చు.

ఎండ సంగతి వేరే చెప్పాలా? ఐ-స్టాట్ అనే ఇంకో మిషన్ 16 నుంచి 30 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది, దాని కార్ట్రిడ్జ్‌లని ఫ్రిజ్‌లో దాచాలి. మే నెలలో నందిగామ, జగ్గయ్యపేట ఎండలు మీకు తెలిసినవే. ఏసీ గదిలో పాసైన మిషన్‌ని తండా చెట్టు కింద కూడా పరీక్షించాలి.

రేపు మీ ఊళ్ళో క్యాంపు పెడితే అడగండి: ల్యాబుతో పోల్చి చూశారా? ఎవరి మీద? తేడా ఎంత? గోర్ బోలీలో వివరించి చెప్పేవాళ్ళున్నారా? ఒక్క అంకె చూసి ఎవరికీ కిడ్నీ రోగి అని ముద్ర వెయ్యకూడదు. మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి, మూడు నెలలు దాటాక రెండోసారి పరీక్ష చెయ్యాలి. ఆ రెండోసారి ఎవరు వస్తారో, ఏ తారీఖున వస్తారో క్యాంపు ఎత్తేసేలోపే రాయించుకోండి.